కర్మాగారపు మురుగునీరు – పుట్టినచోటనే కట్టడి

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రామముల పొలిమేరలలో నేడు కర్మాగారములు వెలయుచున్నవి. అవి రావలెనని మనమే కోరుచున్నాము. చదువుకొన్న యువకునకు ఊరు విడువకుండ జీతము దొరకునన్న ఆశ మనకందరకును కలదు. అయితే కర్మాగారమునకు రెండు ద్వారములు ఉండునని మనము మరువరాదు. ముందు ద్వారమున మన బిడ్డలు పనికి పోవుదురు. వెనుక గోడ క్రింది తూము గుండా మురుగునీరు బయటకు వచ్చును. ముందు ద్వారమున పని కావలెనని వచ్చువారును, వెనుక తూము వలన బావి చెడినదని వచ్చువారును చివరకు చేరునది పంచాయతీ కార్యాలయమునకే. కావున ఈ రెండవ ద్వారమును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచినాము.

మేము చెప్పదలచిన మాట ఒక్కటే. మురుగునీటిని కర్మాగారము వెలుపల, వాగులో కలిసిన పిదప శుద్ధి చేయుదమనుట చాల కష్టమైన పని, ఖర్చుతో కూడిన పని, పెక్కుమారులు కానిపని. అది పుట్టిన చోటనే, పుట్టిన యంత్రము ప్రక్కనే పట్టి కట్టడి చేయుట సులువైన మార్గము. "అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల" అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. నేటి పరిశ్రమల శాస్త్రము పెక్కు నష్టములకోర్చి తుదకు నేర్చుకొన్నదియు ఈ సామెతనే.

నక్కవాగు చెప్పు పాఠము

దూరదేశముల కథలు చెప్పనక్కరలేదు. హైదరాబాదునకు సమీపమున, ఒకప్పటి మెదక్ జిల్లాలోను నేటి సంగారెడ్డి జిల్లాలోను ఉన్న పటాన్‌చెరు ప్రాంతమును మీలో చాలమంది చూచియే యుందురు. 1970 దశకము నుండి అచ్చట పారిశ్రామిక వాడలు పెరిగినవి. మందుల ముడిసరుకు తయారుచేయు కర్మాగారములు, రసాయనముల కర్మాగారములు పదుల సంఖ్యలో వచ్చినవి. వాటి మురుగు చిన్న కాలువల గుండా నక్కవాగున పడినది. నక్కవాగు మంజీరలో కలియును, మంజీర గోదావరిలో కలియును. వాగు వెంట ఉన్న గ్రామములలో బావినీరు రంగు మారినది. వరి ఎండినది. పశువులు ఆ నీటిని ముట్టుటకు ఇష్టపడలేదు.

1990లో ఈ విషయము సర్వోన్నత న్యాయస్థానమునకు చేరినది. పంట నష్టపోయిన రైతులకు పరిహారము ఇవ్వవలెననియు, గ్రామములకు మంచినీరు సరఫరా చేయవలెననియు ఆదేశములు వెలువడినవి. ఆ వ్యాజ్యము పిదప ఉన్నత న్యాయస్థానమునకును, అటుపై జాతీయ హరిత న్యాయాధికరణమునకును బదిలీ అయి, రెండు దశాబ్దములకు మించి నడిచినది. నాడు వ్యాజ్యము ఆరంభమైనప్పుడు ఊయలలో ఉన్న బిడ్డలు, అది ముగియునాటికి బిడ్డల తల్లిదండ్రులైనారు. న్యాయము లభించినను, చెడిన భూమి తీర్పు కాగితముతో బాగుపడదు గదా!

అన్ని కర్మాగారముల మురుగును ఒకచోట చేర్చి శుద్ధి చేయుటకు 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రము వెలసినది. ట్యాంకరు లారీలలో మురుగును అచ్చటికి తెచ్చి పోయుదురు. ఉద్దేశము మంచిదే. చిన్న కర్మాగారము ఒంటరిగా భరింపజాలని ఖర్చును పదిమంది కలిసి భరించుట సహకార నీతియే. కాని 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ఒక సంగతిని బయటపెట్టినది. సుమారు 90 మందుల కర్మాగారముల మురుగును తీసుకొనుచున్న ఆ కేంద్రము నుండి, శుద్ధి అయినదని బయటకు వదలిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అను సూక్ష్మజీవి నాశక ఔషధము లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలినది. కొన్ని సూక్ష్మజీవులకు హాని చేయు మోతాదుకు ఇది వేయిరెట్లకు పైబడినది. ఇట్టి నీటిలో ఔషధమునకు లొంగని సూక్ష్మజీవులు మాత్రమే బ్రతికి వృద్ధిచెందును. అవి మనుష్యునకు సోకినచో, రేపు జ్వరమునకు వైద్యుడిచ్చు మాత్ర పనిచేయక పోవచ్చును. పొలము చెడుటతో ఆరంభమైన కథ ఆసుపత్రి మంచము వరకు పోవుట ఇట్లే.

ఆ కేంద్రమునందలి శుద్ధి ఏల చాలలేదు? కారణము కష్టమైనది కాదు. శుద్ధి కేంద్రములో పని చేయునవి ప్రధానముగా సూక్ష్మజీవులు. మన పెంటకుప్పలో చెత్తను ఎరువుగా మార్చునట్టి జీవుల వంటివే అవి. నీటిలోని కుళ్ళు పదార్థమును తిని అవి నీటిని తేటపరచును. ఆ జీవులకే విషమైన ఔషధములను, ద్రావకములను, మిక్కుటమైన ఉప్పును తెచ్చి పోసినచో అవి ఎట్లు బ్రతుకును? ఎట్లు పనిచేయును? ఉప్పును అవి అసలే తినజాలవు.

అటుపిమ్మట నక్కవాగును కాపాడుటకు ఆ కేంద్రపు నీటిని పైపుల ద్వారా హైదరాబాదు మురుగు కాలువలలో కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రమునకు పంపు ఏర్పాటు జరిగినది. అంబర్‌పేట నుండి నీరు పోవునది మూసీలోనికి. మూసీ కలియునది కృష్ణలో. అనగా గోదావరి వైపు పారు నీరు కృష్ణ వైపునకు మరలినది. నగరపు మురుగుతో కలిసి పలుచనైనంత మాత్రమున, సూక్ష్మజీవులు తినజాలని ఉప్పు ఎచ్చటికి పోవును? ఎగువ వాగున తగ్గిన బరువు దిగువ ఏటిమీద పడుటయే గదా! పైపు ఎంత పొడవుగా వేసినను, దాని చివర మరియొక గ్రామము ఉండును.

కలిసిన నీటిని విడదీయుట కష్టము

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేసి చూతము. ఇది ఏ ఒక్క కర్మాగారపు లెక్కయు కాదు, విషయము తెలియుటకు మేము కల్పించుకొన్న ఉదాహరణము.

ఒక కర్మాగారము దినమునకు లక్ష లీటర్ల మురుగు విడచుననుకొందము. అందులో పదివేల లీటర్లు రసాయనపు తొట్టి నుండి వచ్చు గాఢమైన నీరు. దానిలో లీటరునకు 50 గ్రాముల ఉప్పు కలదు. మిగిలిన తొంబదివేల లీటర్లు నేల కడిగిన నీరు, యంత్రములను చల్లబరచిన నీరు, స్నానపు గదుల నీరు. దానిలో లీటరునకు ఒక గ్రాము మాత్రమే ఉప్పు కలదు. గాఢమైన నీటిలో మొత్తము 500 కిలోలు, పలుచని నీటిలో 90 కిలోలు. రెండును కలిపితిమా, లక్ష లీటర్లలో 590 కిలోలు. అనగా లీటరునకు సుమారు 6 గ్రాములు. కరిగిన లవణములకు సాధారణముగా అనుమతి పత్రములలో వ్రాయు పరిమితి లీటరునకు 2.1 గ్రాములు. ఈ విధముగా పదివేల లీటర్ల చెడ్డనీరు, తొంబదివేల లీటర్ల పనికివచ్చు నీటిని గూడ చెడగొట్టినది. కుండెడు పాలలో చింతపండు పులుసు పోసినట్లే!

"దానికేమి, బోరునీరు కలిపి పలుచన చేసి విడిచెదము" అని యజమాని అనవచ్చును. పరిమితిలోనికి తెచ్చుటకు దినమునకు మరి లక్షా ఎనుబదివేల లీటర్ల మంచినీరు కావలెను. ఆ నీరు మన భూగర్భము నుండియే తోడవలెను. తోడిన పిదపనైనను ఉప్పు తగ్గినదా? లేదు. ఆ 590 కిలోలును భూమిలోనికే పోవుచున్నవి. సంవత్సరమునకు మూడువందల పనిదినములు లెక్కించినచో 177 టన్నులు. ఇది మన ఆయకట్టు పొలములలో ఏటేట దించుచున్న ఉప్పు బండ్ల లెక్క. పరీక్షలో నీరు నెగ్గినట్లు కనిపించును, పొలము మాత్రము ఓడిపోవును.

ఇక ఆ పదివేల లీటర్లను ఆరంభమునందే వేరుగా పట్టి, కాచి ఆవిరిచేసి, ఉప్పును వేరుచేసితిమనుకొందము. లక్ష లీటర్లను కాచు ఖర్చులో పదియవ వంతుతో ముఖ్యమైన పని తీరును. మిగిలిన పలుచని నీటిని సూక్ష్మజీవుల తొట్టిలో శుద్ధి చేసి మరల వాడుకొనవచ్చును. ఖర్చులోని ఈ వ్యత్యాసమే నేటి పద్ధతులన్నింటికిని మూలము.

వంటయింటి సూత్రము

ఈ సూత్రము మన ఇండ్లలోని స్త్రీలకు కొత్తది కాదు. నూనె మూకుడును ఏ ఇల్లాలైనను పాలగిన్నెతో కలిపి తోమునా? మొదట జిడ్డును బూడిదతో తుడిచి, పిదప వేరుగా కడుగును. బియ్యము కడిగిన నీటిని పారబోయక కుడితి తొట్టిలో పోసి పశువులకు పెట్టును. బట్టలు జాడించిన కడపటి నీటితో గుమ్మము కడుగును. శాస్త్రజ్ఞులు చెప్పుచున్న నాలుగు మెట్లును ఇందులోనే కలవు.

మొదటి మెట్టు, మురుగును పుట్టనీయకుండుట. తొట్టి అడుగున అంటిన సరుకును నీటిగొట్టముతో కడుగుటకు ముందు పొడిగా గీకి తీయవలెను. ఒలికిన ద్రవమును కాలువలోనికి తోయక ఎత్తి పట్టవలెను. సరుకును అనేకమార్లు కడుగవలసి వచ్చినచో, కడపటి కడుగునీటిని తరువాతి సరుకు మొదటి కడుగునకు వాడవలెను. కారుచున్న కుళాయిని బిగించుటయు ఈ మెట్టులోనిదే.

రెండవ మెట్టు, వేరుపరచుట. గాఢమైన నీటికి ఒక గొట్టము, పలుచని నీటికి మరియొక గొట్టము, వాననీటికి ఇంకొక కాలువ ఉండవలెను. మూడింటిని ఎన్నడును కలుపరాదు. వాననీటి కాలువలో ఎండకాలమున నీరు పారుచున్నచో ఏదో తప్పు జరుగుచున్నదని సామాన్యుడు సైతము గ్రహింపవచ్చును.

మూడవ మెట్టు, తిరిగి రాబట్టుట. మురుగులో పోవు ద్రావకములు, రంగులు, ఉప్పు ఇవన్నియు యజమాని డబ్బు పెట్టి కొన్న సరుకులే. వాటిని మరల పట్టుకొనుట నీటికి మేలు, యజమాని పెట్టెకును మేలు.

నాలుగవ మెట్టు, మిగిలినదానిని శుద్ధి చేసి మరల వాడుట. మొదటి మూడు మెట్లు ఎక్కిన పిదప ఈ మెట్టుకు చేరు నీరు కొద్దిగనే ఉండును. చాలచోట్ల జరుగుచున్న పొరపాటు ఏమనగా, మొదటి మూడింటిని విడచి తిన్నగా నాలుగవ మెట్టు మీదికి దూకుట.

మందుల కర్మాగారములో పని జరుగు తీరు

మందుల ముడిసరుకు కర్మాగారములో ఈ పని ఎట్లు జరుగవలెనో సంగ్రహముగా చెప్పెదము. గాఢమైన నీటిని మొదట ఒక ఎత్తైన గొట్టపు స్తంభములోనికి పంపి ఆవిరి తగిలింతురు. త్వరగా ఆవిరియగు ద్రావకములు పైకి పోయి, చల్లబడి, వేరుగా చేరును. ద్రావకము తొలగిన నీటిని వరుసగా అమర్చిన మూడు నాలుగు పాత్రలలో కాతురు. మొదటి పాత్ర నుండి లేచిన ఆవిరియే రెండవ పాత్రను కాచును, దాని ఆవిరి మూడవ దానిని కాచును. పాత్ర పాత్రకు లోపలి వత్తిడిని తగ్గించుట వలన తక్కువ వేడికే నీరు మరుగును. ఒకే పొయ్యి మంటతో మూడు కుండలు కాచుకొనుట వంటిది ఈ ఏర్పాటు. చివర మిగిలిన చిక్కని ద్రవమును వేడి గోడలుగల యంత్రములో పలుచని పొరగా పరచి ఆరబెట్టినచో ఉప్పు పొడిగా రాలును. చల్లబడిన ఆవిరి నీరై, అవసరమైన శుద్ధి జరిగిన పిదప, తిరిగి కర్మాగారమునకే ఉపయోగపడును.

పలుచని నీరు సూక్ష్మజీవుల తొట్టికి పోవును. అక్కడ శుద్ధియై, అతి సన్నని రంధ్రములుగల పొరల గుండా వత్తిడితో వడకట్టబడును. నేడు మన గ్రామములలో త్రాగునీటి కేంద్రములందు వాడుచున్న ఆర్.ఓ. యంత్రము ఈ జాతిదే. వడకట్టగా మిగిలిన ఉప్పునీరు మరల కాచు పాత్రలకు చేరును. ఈ విధముగా ఆవరణ దాటి ఒక్క చుక్కయు పోకుండ చేయు పద్ధతిని "ద్రవ వ్యర్థము సున్న" పద్ధతి అందురు.

ఇందులోని లోటును గూడ దాచరాదు. నీటిని కాచుటకు బొగ్గో, కట్టెయో, విద్యుత్తో కావలెను. మిగిలిన ఉప్పు కుప్పను ఎచ్చటనో ఉంచవలెను. అందుకై తెలంగాణములో హైదరాబాదు సమీపమున దుండిగల్ వద్దను, ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్టణము దగ్గర పరవాడ వద్దను ప్రమాదకర వ్యర్థముల కేంద్రములు కలవు. నీటిలోని ఉప్పు అచ్చటికి పోయినదో, లేక రాత్రివేళ ఏ పాడుబడిన క్వారీలోనో పడినదో చూచుకొనవలసి యున్నది. ఖర్చు ఎక్కువగుకొలది యంత్రమును ఆపివేసి తూము తెరచు ఆశ యజమానికి కలుగును. ఆ ఆశను తగ్గించు ఉపాయము మొదటి మూడు మెట్లే.

ఇది ఆచరణలో సాధ్యమా?

"వినుటకు బాగున్నది, జరుగునా?" అని మీరు అడుగవచ్చును. పొరుగున ఉన్న తమిళనాడు సంగతి వినుడు. తిరుప్పూరు పట్టణము అల్లిక బట్టలకు ప్రసిద్ధి. అచ్చటి అద్దకపు కర్మాగారముల ఉప్పునీరు నొయ్యల్ నదిలో కలిసినది. సాగునీటి కొరకు 1992లో ఆ నదిపై కట్టిన ఒరత్తుపాళెయము జలాశయము మురుగు నిలువ చేయు తొట్టి అయినది. ఆయకట్టు రైతులే "ఆ నీరు మాకు వదలవద్దు" అని మొరపెట్టుకొను దుస్థితి వచ్చినది. జలాశయపు నీటిని వద్దనిన రైతులను మనమెచ్చటనైన చూచితిమా? 2006లో మద్రాసు ఉన్నత న్యాయస్థానము ద్రవ వ్యర్థము సున్న కావలెనని ఆదేశించినది. అది అమలుకానందున 2011 జనవరిలో అద్దకపు కర్మాగారములను మూసివేయించినది. వందలాది కర్మాగారములు మూతపడినవి. కూలీలు వీధిన పడినారు. పిదప నీటిని, ఉప్పును తిరిగి రాబట్టు యంత్రములను సవరించుకొన్న కొలది క్రమముగా తెరచుకొన్నవి. నేడు అచ్చటి అద్దకపువారు రాబట్టిన ఉప్పునీటిని మరల అద్దకమునకే వాడుచున్నారు.

దీనివలన రెండు విషయములు తెలియుచున్నవి. పని సాధ్యమే. కాని ఆలస్యముగా చేసినచో నది చెడును, కూలివాని నోటి ముద్దయు పోవును. మురుగును గూర్చి ముందుగా అడుగుట పరిశ్రమకు విరోధమని ఎవరైన అనినచో, తిరుప్పూరులో పని పోయినది అడిగినందువలన కాదు, అడుగుటలో జాగు జరిగినందువలన అని మనము చెప్పవలెను.

మన ఊరి ధాన్యపు మిల్లు

మందుల కర్మాగారము అన్ని గ్రామములలో ఉండదు. ఉప్పుడు బియ్యపు మిల్లు పెక్కు మండలములలో కలదు. టన్ను వడ్లు నానబెట్టుటకు వేయి లీటర్లకు తక్కువ కాని నీరు కావలెను. నానిన పిదప వదలిన నీటిలో విషము లేకపోవచ్చును గాని, పిండి పదార్థము, చక్కెరలు దండిగా నుండును. అది కుంటలో చేరినచో, దానిని కుళ్ళబెట్టు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువునంతయు హరించును. చేపలు తేలును, దుర్వాసన వ్యాపించును. వాగులలో వదలు నీటిని కుళ్ళబెట్టుటకు కావలసిన ప్రాణవాయువు లీటరునకు 30 మిల్లీగ్రాములు దాటరాదని సాధారణ ప్రమాణము. నానిన వడ్ల నీటిలో ఇది వేయి దాటుట కద్దు.

ఇచ్చటను మందు అదే. వడ్లను నానబెట్టుటకు ముందే తూర్పారబట్టి దుమ్ము, తాలు తీసివేసినచో మురుగు తగ్గును. నానిన నీటిని చల్లబరచు నీటితో కలుపక వేరుగా మూసిన తొట్టిలో పులియబెట్టినచో, గోబరుగ్యాసు వంటి జీవవాయువు వచ్చును. తరువాత గాలి తగులు తొట్టిలో శుద్ధి చేసిన నీటిని ప్రమాణములకు లోబడి చెట్లకు పారింపవచ్చును. ఇందుకు గొప్ప యంత్రములు అక్కరలేదు, శ్రద్ధ కావలెను.

పంచాయతీ అడుగవలసిన అయిదు ప్రశ్నలు

పరిశ్రమలకు అనుమతులు ఏకగవాక్ష పద్ధతిన త్వరగా లభించుచున్న ఈ దినములలో, పంచాయతీ తీర్మానము ఒక్కటే అన్నింటిని నిర్ణయించునని మేము చెప్పజాలము. కాని తెలిసి అడుగు ప్రశ్నకు ఎల్లప్పుడును బలము కలదు. మీ ఊరికి కర్మాగారము వచ్చుచున్నదని తెలిసిననాడు ఈ అయిదింటిని వ్రాతమూలకముగా అడుగుడు.

ఒకటి: దినమునకు ఎంత నీరు తీసుకొందురు, ఎచ్చటి నుండి తీసుకొందురు? 
రెండు: ఎన్ని రకముల మురుగు పుట్టును, ఒక్కొక్కదానికి వేరు గొట్టము కలదా? 
మూడు: గాఢమైన నీటి నుండి ఏమేమి తిరిగి రాబట్టుదురు? 
నాలుగు: మిగిలిన ఉప్పు, బురద ఎచ్చటికి పోవును, పంపినట్లు రసీదు చూపుదురా? 
అయిదు: శుద్ధి యంత్రము చెడిననాడు కర్మాగారమును ఆపుదురా, తూమును తెరతురా? 

అయిదవ ప్రశ్న అన్నింటికంటె ముఖ్యము. యంత్రములు చెడుట సహజము. చెడిన దినమున మురుగును నిలువ ఉంచు తొట్టి ఉన్నదో లేదో అను దానిపై మన చెరువు బ్రతుకు ఆధారపడి యున్నది.

పర్యావరణ అనుమతి అవసరమైన పెక్కు పెద్ద పరిశ్రమలకు 2006 ప్రకటన ననుసరించి బహిరంగ విచారణ జరుగును. దానికి కనీసము 30 దినముల ముందు ప్రజలకు తెలుపవలెను. నోటీసు పొందిన పారిశ్రామిక వాడలలోని కొన్ని పరిశ్రమలకు ఇది వర్తింపదు. విచారణ జరుగునపుడు ఆవేశముతో కేకలు వేయుటకంటె ఈ అయిదు ప్రశ్నలను చదివి, వాటి జవాబులను నమోదు చేయించుట మేలు.

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టము ననుసరించి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేనిదే ఏ కర్మాగారమును మురుగు వదలరాదు. ఆ అనుమతిలోని షరతులను మండలి ఒక రిజిస్టరులో వ్రాసి ఉంచవలెననియు, ఆ తూము వలన బాధపడువారు, సంబంధముగలవారు దానిని చూడవచ్చుననియు ఆ చట్టపు 25వ సెక్షను చెప్పుచున్నది. ఈ హక్కును చాల కొద్దిమంది మాత్రమే వినియోగించుకొనుచున్నారు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టినను 30 దినములలో జవాబు రావలెను. షరతుల ప్రతిని తెచ్చి పంచాయతీ కార్యాలయమున తెలుగులో అందరకు కనబడునట్లు ఉంచుడు. షరతు తెలియనిదే, అది తప్పినదని ఎట్లు చెప్పగలము?

బావుల పుస్తకము

ఇంకొక పని ఈ వారమే ఆరంభింపవచ్చును. దానికి ఒక నోటుపుస్తకము, నీటిలో కరిగిన లవణములను కొలుచు చిన్న చేతిపరికరము చాలును. ఊరికి నాలుగు దిక్కుల ఉన్న కొన్ని బావులను, బోరులను, చెరువును ఎన్నుకొని, నెలకొకసారి ఆ కొలతను, తేదీని, నీటి రంగును, వాసనను వ్రాయుడు. పాఠశాల ఉపాధ్యాయుని, పై తరగతుల విద్యార్థులను తోడు తీసుకొనుడు. కర్మాగారము రాకముందే వ్రాసిన పుస్తకము మరింత విలువైనది. "ఈ బావి మొదటి నుండియు ఉప్పదే" అను మాటకు ఆ పుస్తకమే జవాబు చెప్పును. పుస్తకము లేని ఊరికి జ్ఞాపకము మాత్రమే మిగులును. జ్ఞాపకమును ఎవరైనను కాదనవచ్చును.

మనము సీసాలో పట్టుకొన్న నీరు న్యాయస్థానమున సాక్ష్యముగా నిలుచుట కష్టము. చట్టము చెప్పిన పద్ధతిన మండలి అధికారి సేకరించి, సీలువేసిన నమూనాకే ఆ విలువ కలదు. కావున మురుగు కనబడిన వెంటనే తేదీ, వేళ, చోటు వ్రాసి, ఛాయాచిత్రము తీసి, మండలి ప్రాంతీయ కార్యాలయమునకు తెలిపి, అధికారి వచ్చి నమూనా తీసికొనునట్లు కోరుడు. అర్ధరాత్రి, పెద్దవాన కురియువేళ, పండుగనాడు మురుగు వదలు అలవాటు కొందరికి కలదు. ఆ వేళలలో వాగుపై ఒక కన్ను వేసి యుంచుడు.

ఒక హెచ్చరిక. మురుగుతొట్టిలోనికి గాని, మూసిన కాలువలోనికి గాని చూచుటకై ఎవరును దిగరాదు. అందలి విషవాయువు క్షణములో ప్రాణము తీయును. పడినవానిని రక్షింపబోయి వెనుక దిగినవారును మరణించిన సందర్భములు అనేకములు. నీటిని రుచి చూచి పరీక్షించుటయు తగదు.

మిత్రులారా! కర్మాగారమును నడుపువారు మనకు శత్రువులు కారు. మురుగును పుట్టినచోటనే అదుపు చేయు యజమానిని మనము గ్రామసభలో మెచ్చుకొనవలెను. అతని వద్దకు ఇతర గ్రామములవారిని తీసుకొనిపోయి చూపవలెను. ఆ పని చేయనివానిని మర్యాదగా, వ్రాతమూలకముగా, విడువక అడుగవలెను. మనకు పని కావలెను, నీరును కావలెను. ఒకదానికై రెండవదానిని వదలుకొనుమని ఎవరు చెప్పినను అంగీకరింపనక్కరలేదని నేటి శాస్త్రమే మనకు ధైర్యము చెప్పుచున్నది.

మన తాతలు త్రవ్విన చెరువులను మనము అనుభవించుచున్నాము. వానిని నింపు వాన దైవాధీనము. అందులో చేరు మురుగు మాత్రము మన ఆధీనమే. తదుపరి పంచాయతీ సమావేశపు కార్యక్రమములో ఈ అయిదు ప్రశ్నలను, బావుల పుస్తకమును చేర్చుకొందురని ఆశించుచు, ఇంతటితో విరమించుచున్నాము.